కాడగా మారే కణాలు

కొత్తగా డిగ్రీ కాలేజీల్లో చేరిన లెక్చరర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కూర్చోగానే అందరూ అడిగేది ఒకటే. ప్రొద్దుటూరు లాంటి ఊర్లో పరిశోధన వీలవుతుందా మేడమ్ అని. వీలవుతుందమ్మా అని చెప్పి, కాఫీ ఇచ్చి పంపేదాన్ని. అది సగం జవాబే. మిగతా సగం ఇన్నేళ్లూ చెప్పకుండా తప్పించుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, తనిఖీలు ఇందులో ఉండవు. వాటి గురించి చెప్పేవాళ్లు మీ స్టాఫ్ రూములోనే కావలసినంత మంది దొరుకుతారు.

నేను వృక్షశాస్త్రం చెప్పాను. మా నాయన జమ్మలమడుగు మిషన్ కాంపౌండులో బడిపంతులు. పెండ్లయ్యాక ప్రొద్దుటూరు వచ్చి, అదే కాలేజీలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి అక్కడే రిటైరయ్యాను. ఆ కాలం జీపుల కాలం, నాటు బాంబుల కాలం. ఎన్నికలొస్తే పరీక్షలు వాయిదా పడేవి. అయినా ఆ రోజులు తలచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది భయం కాదు. ప్రెషర్ కుక్కర్‌లో ఉడుకుతున్న ఆగర్ అనే జిగురు వాసన.

నేను పెంచిన ప్రాణి

తడి మట్టిలో, కుళ్లిన ఆకుల కింద ఒక రకం అమీబా ఉంటుంది. తిండి ఉన్నంతకాలం దేని బతుకు దానిది. బాక్టీరియాను తింటుంది, రెండుగా చీలుతుంది, పక్కదాని ఊసు పట్టించుకోదు. తిండి అయిపోయిన రోజున ఒకటి ఒక రసాయనాన్ని వదులుతుంది. అది తగిలినవన్నీ అటు కదులుతూ తామూ వదులుతాయి. కొన్ని గంటల్లో వేలకు వేలు ఒకచోట కుప్పగా చేరి, ఒకే జీవిలా మెదిలి, చివరికి ఆవగింజంత ఎత్తున మొలకలాగా లేచి నిలబడతాయి. కింద సన్నటి కాడ, పైన బొట్టు లాంటి తల. తలలో ఉన్నవి బీజాలై ఏ పురుగు కాళ్లకో అంటుకుని ఇంకో చోటికి పోయి బతుకుతాయి. కాడలో ఉన్నవి చచ్చిపోతాయి. ఐదింటిలో ఒకటి అలా పోతుంది.

అన్నీ ఒకే తల్లి పిల్లలు. మరి కాడ కావలసింది ఏది, తల కావలసింది ఏది? దానికి ఇంకో రసాయనం ఉంది. చిన్న చిన్న కర్బనం ముక్కలను ఒకదాని కొసకు ఒకటి జోడించి దాన్ని తయారుచేసే ఎంజైము ఆ కణాల్లోనే ఉంటుంది. ఆ ఎంజైమును ఎవరు చూపిస్తారా అని అప్పట్లో పెద్ద పెద్ద ప్రయోగశాలలు వెతుకుతున్నాయి. ప్రొద్దుటూరులో నేనూ వెతికాను. నవ్వొచ్చినా అది నిజం.

మా ల్యాబుకు ఆగర్ ఇండెంట్ పెడితే ఆరు నెలలకు వచ్చేది, ఒక్కోసారి వచ్చేదే కాదు. బజార్లో మిఠాయిలకు వాడే చైనా గ్రాస్ కొనుక్కొచ్చి వడగట్టి వాడేదాన్ని. ఆ అంగడాయన నేను ఏ స్వీటు చేస్తానో చెప్పమని చాన్నాళ్లు అడిగాడు. అమీబాలకు పరుపు వేస్తున్నానని చెప్తే నమ్మలేదు.

రెండు ఇండ్ల మజ్జిగ

మట్టి తేవడం ఈ పనిలో మొదటి మెట్టు. మా వైపు ఊర్లలో ఆ రోజుల్లో కొత్త మనిషి పొలంలో తవ్వుతుంటే ఎవరూ ఊరకే చూస్తూ ఉండరు. ఏం పూడుస్తున్నావని అడుగుతారు. మా నాయన ముందే చెప్పి పంపించాడు. ఊర్లో రెండు పార్టీలుంటే రెండు పెద్ద ఇండ్లకూ పోయి చెప్పు, తాగితే రెండిండ్లలో తాగు, లేకుంటే యాడా తాగొద్దు అని.

జమ్మలమడుగు అవతల ఒక ఊర్లో ఆ మాట మరిచిపోయాను. ఎండ అలా ఉంది. మొదటి ఇంట్లో ఇచ్చిన మజ్జిగ గటగటా తాగేశాను. ఆ ఇంటాయన్ను ఊరంతా పెద్దాయన అంటారు, మా నాయన దగ్గర చదువుకున్నవాడే. తరువాత రెండో ఇంటికి పోతే అక్కడి ముసలామె గడపలోనే నిలబెట్టింది. కబురు నాకంటే ముందే చేరిపోయింది.

"ఆడ తాగొచ్చినావంట. ఈడ గూడా తాగినాకనే గెనం మింద కాలు పెట్టు" అంది. గెనమంటే పొలం గట్టు.

చెంబెడు తాగించింది. పొట్ట బిగుసుకుపోయి, వంగలేక వంగలేక, రెండు పార్టీల పొలాల నడుమ ఏండ్లుగా సాగు లేక పడి ఉన్న బీడులో నాలుగు చెంచాల మట్టి తీసుకున్నాను. నా బతుకులో దొరికిన ఒకే ఒక్క మంచి వస్తువు ఆ మట్టిలోనే ఉంది.

ఆ మట్టిలో నుంచి వేరుచేసిన అమీబాలు అన్నిటిలాగే గుంపు కూడేవి, కుప్ప కట్టేవి. కానీ కాడ నిలిచేది కాదు. లేచినట్టే లేచి పక్కకు ఒరిగి పడుకునేవి. మా ల్యాబ్ అటెండర్ మస్తాన్ వాటికి సోంబేరి, అంటే సోమరిపోతు, అని పేరు పెట్టాడు. చివరిదాకా మా ఇద్దరి మధ్య అదే పేరు నిలిచింది.

మస్తాన్ చేసిన తప్పు, నేను చేసిన తప్పు

మస్తాన్‌వలిది నేను మట్టి తెచ్చిన ఆ ఊరే. ఐదో తరగతి దాకా చదివాడు. వాళ్ల నాయన కాలం నుంచి పెద్దాయన మనుషులు. పెద్దాయన రాసిచ్చిన ఉత్తరంతోనే అతనికి మా కాలేజీలో ఉద్యోగం వచ్చింది. అది అతను దాచేవాడు కాదు. ఆ ఉత్తరం ఇంగా మా నెత్తి మిందనే ఉంది మేడమ్ అని నవ్వేవాడు.

మనిషి చేతి నేర్పు చెప్పాలంటే నాకు మాటలు చాలవు. లూపు తీగను మంటలో కాల్చడం, ప్లేటు తెరవడం, మూయడం నేను చూపించింది రెండుసార్లే. మూడోసారి నుంచి నా తప్పులు అతను పట్టేవాడు. ఇంగ్లీషు రాదు కాబట్టి నోటుబుక్కులో రీడింగులు తెలుగులో రాసేవాడు. నేను చూసినవి నేను ఇంగ్లీషులో రాసేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే నావాటిలో పదాలు ఎక్కువ, అతనివాటిలో చూపు ఎక్కువ.

ఒకసారి ఆగర్ తక్కువై, పారేయడానికి మనసొప్పక, అయిపోయిన రెండు ప్లేట్లలో మిగిలినదాన్ని గోకి ఒకే ప్లేటులో వేశాడు. ఒకటి సోంబేరి, రెండోది మంచి రకం. మరుసటి రోజు వచ్చి, ఇవి సూడండి మేడమ్, అన్నీ నిలబడినాయి అని పిలిచాడు. నేను చూడలేదు. రెండు రకాలు కలిపేస్తావా, ఇన్నాళ్లూ నేర్పింది ఇదేనా అని నలుగురు విద్యార్థుల ముందు కేకలేసి ఆ ప్లేటును వేడినీళ్లలో ముంచేశాను. అతను కిందికి పోయి బీడీ కాల్చుకుని వచ్చి గాజుసామాను కడిగాడు.

నెల తరువాత విశ్వవిద్యాలయంలో నా పీహెచ్‌డీ గైడుకు ఇదొక పొరపాటుగా చెప్పాను. కోస్తా మనిషి, నా మాట తీరును ఎగతాళి చేయనిదే పని మొదలుపెట్టేవాడు కాదు. ఆ రోజు మాత్రం కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. సోంబేరి తనకు తాను కాడ కట్టలేదు గాని, పక్కవాళ్లు తయారుచేసిన రసాయనం అందితే కడుతుందంటే దాని లోపం ఎక్కడుందో తెలిసిపోతోంది కదా అన్నాడు. చెప్పింది వినే యంత్రాంగం బాగానే ఉంది. చెప్పే రసాయనాన్ని తయారుచేసే ఎంజైమే చెడిపోయింది. నీ పీహెచ్‌డీని వేడినీళ్లలో ముంచింది ఎవరమ్మా అని అడిగాడు. బస్సులో కమలాపురం దాటేదాకా నేను తల ఎత్తలేదు.

తిరిగొచ్చి మస్తాన్‌కు క్షమాపణ చెప్పాను. అతనికి అది ఇబ్బందిగా తోచింది. మాట మార్చడానికేమో ఒక ప్రశ్న అడిగాడు.

"ఎవురు కింద పడి సావాల్నో ఎవురు జెప్తారు మేడమ్?"

నాకు ఉత్సాహం వచ్చేసింది. అదే అసలు విషయమని, అప్పుడప్పుడే తెలుస్తోందని, తలలోకి పోయి బతికే కణాలే ఆ రసాయనాన్ని తయారుచేసి వదులుతాయని, దాని మాట విన్నవి కాడగా మారి చస్తాయని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. మస్తాన్ బొమ్మను చాలాసేపు చూశాడు.

"పైకి పొయ్యేటివే జెప్తాయి" అన్నాడు. బోర్డు తుడవమంటారా అని అడిగి తుడిచేశాడు.

ఆ ఆదివారం

ఆ తరువాత ఏడాదిన్నర కలిపే ప్రయోగాలు పద్ధతిగా చేశాము. తొమ్మిది పాళ్లు సోంబేరి, ఒక పాలు మంచిది. అన్నీ ఒకే నోటుబుక్కులో రాశాము. వాటిలో పెద్దది ఒక ఆదివారం పడింది. శనివారం సాయంత్రం ప్లేట్లు పెట్టి నేను పులివెందుల బస్సెక్కాను, అక్కడ చర్చిలో మా చిన్నాయన కూతురి పెండ్లి. ప్రిన్సిపాల్ గారు రూల్స్ పక్కన పెట్టి ల్యాబ్ తాళం మస్తాన్‌కు ఇచ్చారు. ఆదివారం ఉదయం ఆరు నుంచి రెండు గంటలకొకసారి రీడింగు రాయడం అతని పని. సాయంత్రం ఆరుకు నేను వచ్చేసరికి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, మొహమంతా నవ్వు. కలిపిన ప్లేటులో సోంబేరులు లేచి నిలబడ్డాయి. ఆ సంతోషాన్ని ఇప్పటికీ వెతుక్కుంటాను. సూక్ష్మదర్శిని ముందు ఒకరి తరువాత ఒకరం వంగి చూస్తూ ఎంతసేపు గడిపామో గుర్తు లేదు.

అదే రోజు మధ్యాహ్నం మస్తాన్ ఊరికి పోయే దారిలో పెద్దాయన మనుషులు ఎదుటి పార్టీ మనిషిని చంపేశారు.

తరువాత జరిగింది మా వైపు వాళ్లకు కొత్త కాదు. మీలో బయటి నుంచి వచ్చినవాళ్లుంటారని చెప్తున్నాను. అలాంటి కేసులో ఎవరు చేశారన్నది ఒకటి, ఎవరి పేర్లు ఎక్కాలన్నది ఇంకొకటి. పెద్ద ఇంట్లో కూర్చుని పోలీసులకిచ్చే ముద్దాయిల జాబితా వేసేవారు. ఇంటి మనిషిని తప్పించి, ఇంటిని నమ్ముకున్న మనిషిని ఎక్కించేవారు. జైల్లో ఉన్నన్నాళ్లు అతని సంసారానికి గింజలు పంపేవారు. ఈసారి పెద్దాయన మేనల్లుడి చోట మస్తాన్ పేరు రాయించారు. ఉద్యోగం ఇప్పించిన ఉత్తరం గుర్తుచేశారట. మూడో వారంలో పోలీసులు కాలేజీ గేటు దగ్గరే అతన్ని పట్టుకున్నారు.

రెండు నెలలకు బెయిలు వచ్చింది. ఉద్యోగం సస్పెన్షన్‌లో పడింది. విచారణ మొదలయ్యేసరికి ఏడాది దాటింది. సరిగ్గా అప్పుడే నా థీసిస్ గడువు, అది కూడా చివరి పొడిగింపు.

పుస్తకం ఎవరిది

ఆ ఆదివారం కాలేజీకి సెలవు, హాజరు పట్టీ లేదు. నేను ఊర్లో లేను. మస్తాన్ ల్యాబులో ఉన్నాడనడానికి సాక్ష్యం ఆ నోటుబుక్కు ఒక్కటే. పేజీలకు అంకెలున్నాయి, తరువాతి పేజీ మీద రెండు రోజులకు వచ్చి చూసిన మా గైడు సంతకం ఉంది. తరువాత చొప్పించిందని ఎవరూ అనలేరు. పెద్దాయన పెట్టిన వకీలు దాని మాటే ఎత్తడు కాబట్టి మస్తాన్ కమలాపురం నుంచి ఒక చిన్న వకీలును పెట్టుకున్నాడు. ఆ అబ్బాయి నన్ను కలిసి, అసలు పుస్తకమే కావాలి, జెరాక్స్ చెల్లదు, ఒకసారి కోర్టులో దాఖలైతే అప్పీళ్లన్నీ ముగిసేదాకా బయటికి రాదు అని ఉన్నదున్నట్టు చెప్పాడు.

విశ్వవిద్యాలయానికి కూడా అసలు పుస్తకమే కావాలి. గైడును అడిగాను. అది లేకుండా థీసిస్ తీసుకోరని చెప్పాడు. ఏడేండ్ల పని.

అవి ఎన్నికల రోజులు. పెద్దాయన ఒక పార్టీ టికెట్టు మీద నిలబడ్డాడు. ఓట్లడగడానికి స్టాఫ్ రూముకు వచ్చి, అందరికీ దండం పెట్టి, పోతూ పోతూ నన్ను వరండాలోకి పిలిచాడు.

"టీచరమ్మా, మీ నాయన కాడ దెబ్బలు తిని సదువుకున్నోన్ని. మీ పుస్తకం మీ యూనివర్సిటీకి పంపించుకోండి. డాక్టరమ్మ గావాల మీరు. మస్తాను సంసారం సంగతి మేం సూసుకుంటాం."

గట్టిగా ఒక్క మాట అనలేదు. బెదిరించి ఉంటే నాకు సులువయ్యేదేమో. నేను ఏం చేయాలని ఆశపడుతున్నానో అదే చేయమని చెప్పి పోయాడు.

పంతొమ్మిది రోజులు నేను ఏమీ తేల్చలేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, రాయకపోతే ఈ వ్యాసం మొత్తం అబద్ధమవుతుంది. ఆ రోజుల్లో నాకు నేను చాలా చెప్పుకున్నాను. పుస్తకం పెట్టినా కోర్టు నమ్ముతుందని ఏముందని, నాకూ పిల్లలున్నారని, చంపినవాళ్లతో నాకెందుకని. నోటుబుక్కును పార్సిల్ కట్టి, విశ్వవిద్యాలయం చిరునామా కూడా రాశాను.

పోస్టాఫీసుకు పోయే ముందు మస్తాన్ ఇంటికి పోయాను. తప్పు చేయబోయేవాళ్లు ముందే క్షమాపణ అడిగి పెట్టుకుంటారు, అలాంటి పోక. అతని భార్య స్టూలు వేసింది. అంతా చెప్పాను. గడువు, గైడు మాట, ఏడేండ్లు. మస్తాన్ నా చేతిలోని పార్సిల్ వైపు చూస్తూ విన్నాడు.

"పుస్తకం మీది మేడమ్. మీరేం జేసినా నేను అనేదేం లేదు" అన్నాడు. మళ్లీ "ఆ పొద్దు రాసింది మటుకు నేను" అన్నాడు.

అతను ఆ మాటను నిష్ఠూరంగా అనలేదు. ల్యాబులో ఏ ప్లేటు ఏదో చెప్పేటప్పుడు ఎలా అంటాడో అలాగే అన్నాడు. నాకు బోర్డు మీద నేను గీసిన బొమ్మ, దాన్ని అతను తుడవడం కళ్ల ముందు ఆడాయి. అతను ఆ రోజు అడిగింది అమీబాల గురించి కాదని అంత చదువుకున్న నాకు ఆ స్టూలు మీద కూర్చున్నప్పుడు తెలిసింది. పార్సిల్ దారం అక్కడే తెంపి పుస్తకాన్ని వకీలుకు ఇచ్చాను.

ఎన్నికల్లో పెద్దాయన గెలిచాడు. నాకేమీ కాలేదు. ఒక ఏడాది పాటు ఎవరైనా జీపు ఆపితే గుండె ఆగేది, అంతే. మస్తాన్ విడుదలయ్యాడు, మళ్లీ ఉద్యోగంలో చేరి నాకంటే రెండేళ్ల ముందు రిటైరయ్యాడు. పుస్తకం తిరిగి రాలేదు. నా పేరు ముందు డాక్టర్ చేరలేదు. సోంబేరిలో చెడిపోయినదాని లాంటి ఎంజైమును చాలా ఏళ్ల తరువాత వేరే దేశాల వాళ్లు పట్టుకున్నారని పత్రికలో చదివాను. అసూయ పడలేదని చెప్పను.

పిల్లలూ, ఇలాంటి ఊర్లో పరిశోధన వీలవుతుంది. కానీ పని మీ బల్ల దగ్గరే మొదలై అక్కడే ముగియదు. మీకు గాజుసామాను కడిగిపెట్టే మనిషి ఎవరి ఉత్తరంతో వచ్చాడో, ఎవరికి బాకీ ఉన్నాననుకుంటున్నాడో తెలుసుకోండి. నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.

బోనులో

ఆ విచారణ రోజు ఒక్కటి వివరంగా చెప్పి ముగిస్తాను. ప్రొద్దుటూరు కోర్టులో వరండాకు ఈ చివర ఒక పార్టీ, ఆ చివర ఇంకో పార్టీ, మధ్యలో పోలీసులు. నేను సాక్ష్యం చెప్పి వెనక బెంచీ మీద కూర్చున్నాను. మస్తాన్ తన తరఫున తానే సాక్షిగా బోనెక్కాడు. ఐదో తరగతి చదివిన అటెండర్ సైన్సు పుస్తకంలో ఏం రాస్తాడు, ఇదంతా లెక్చరరమ్మ చెప్పి రాయించింది అన్నాడు ప్రభుత్వ వకీలు. జడ్జిగారు పుస్తకాన్ని మస్తాన్ చేతికిప్పించి, చదివి అర్థం చెప్పమన్నారు.

మస్తాన్ కండువాతో చేతులు తుడుచుకుని పేజీ తిప్పాడు.

"ఆరు గంటలు. మూడు ప్లేట్లలోనూ కుప్పలు కట్టుకోనుండాయి. ఎనిమిది గంటలు. కుప్పల నెత్తిన మొన తేలింది. పది గంటలు. మంచిది వేలు మాదిరి లేసింది. సోంబేరి లేసి పడిపోయింది. కలిపింది ఇంగా ఏం జెప్పలేం."

మధ్యలో జడ్జిగారు ఆపి సోంబేరి అంటే ఎవరని అడిగారు. మస్తాన్ చెప్పాడు. ఏది కాడ అవుతుందో, ఏది తల అవుతుందో, ఏ రసాయనం లేక అది పడిపోతుందో, పక్కదాని దగ్గర్నుంచి అందితే ఎలా లేస్తుందో, బొమ్మ లేకుండా, ఒక్క ఇంగ్లీషు ముక్క లేకుండా చెప్పాడు. వరండాలోని రెండు పార్టీల వాళ్లూ కిటికీల దగ్గరికి చేరి విన్నారు. ఏడేండ్ల నా పనిని నిండు సభలో ఒకరు వివరించడం నేను విన్నది అదొక్కసారే. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

జడ్జిగారు పన్నెండు గంటలది చదవమన్నారు. హత్య జరిగిన సమయం అదే.

"పన్నెండు గంటలు. మంచిది నిలబడింది. సోంబేరి పండుకోనుంది. కలిపిన దాంట్లో అక్కడక్కడ కదలతాండాయి. అన్నం తినలే."

"అన్నం తినలేదని ఎందుకు రాసినావు?" అని అడిగారు.

"కండ్లు పక్కకు తిప్పితే ఆ లోపల లేస్తాయేమోనని సార్. లేసేది సూడాల్నని కూసున్నా."

కోర్టులో ఎవరూ నవ్వలేదు. జడ్జిగారు కలం చేతిలోకి తీసుకున్నారు.

"మరి లేచినాయా?"

"నాలుగు గంటలకు లేసినాయి సార్" అన్నాడు మస్తాన్. "అన్నీ నిలబడినాయి."

జడ్జిగారు అది రాసుకున్నారు.